ఎడమ నుంచి తెరిచిన పుస్తకం

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఆదివారం పాత పుస్తకాల్లో ఆ జపాను బొమ్మల కథ దొరికింది. భాష తెలియకపోయినా, అట్ట మీద చేతులు పట్టుకున్న ఇద్దరమ్మాయిలను చూసి, నేనూ సరళా గుర్తొచ్చి కొన్నాను. నాకప్పుడు పందొమ్మిదేళ్లు.

నాంపల్లి స్టేషన్లో ఆడవాళ్ల వెయిటింగ్ రూములో కూర్చుని, అట్ట తప్పు పక్కన వేశారనుకుంటూ, అలవాటుగా ఎడమ నుంచి తెరిచాను. మొదటి పేజీలో ఒకమ్మాయి రిబ్బను పట్టుకుని ఒంటరిగా ఏడుస్తోంది. చివరి పేజీలో రెండో అమ్మాయి అదే రిబ్బను ఆమె జడకు కడుతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

పక్కనున్న నలభై ఏళ్లావిడ తొంగిచూసింది.

"గట్ల కాదు చెల్లె. ఉర్దూ కితాబు లెక్క కుడి దిక్కు నుంచి చూడాలె. మేం చిన్నప్పుడు బడిలో గట్లనే చదివినం."

పుస్తకం తీసుకుని తానే తిప్పింది. రిబ్బను కట్టడం ముందొచ్చింది, ఏడుపు చివరికి పోయింది. మధ్యలో ఇద్దరూ ముద్దు పెట్టుకునే పేజీ దగ్గర మాత్రం ఆమె వేలు చాలాసేపు ఆగింది.

"మీకు గూడ గిట్ల ఎవరన్న ఉండెనా అక్కా?" అన్నాను మెల్లగా.

"ఔ. దానికి లగ్గం జేసి గుల్బర్గా పంపిన్రు."

ఆమె రైలొచ్చింది. లేస్తూ, పుస్తకాన్ని మళ్లీ ఎడమ నుంచి తెరిచి నా ఒళ్లో పెట్టింది.

"నువ్వు చూసిందే మంచిగున్నది. గట్లనే చూస్కో."

మరుసటి ఏడు నా సరళకు పెళ్లయింది. ఆ శుభలేఖను ఎడమ అట్ట లోపల దాచాను. ఇప్పటికీ అటు నుంచే తెరుస్తాను. ముందు శుభలేఖ వస్తుంది, తర్వాత ఏడుపు. అన్నీ దాటుకుని చివరి పేజీకి వెళ్తే, జడకు రిబ్బను కడుతూ ఇద్దరూ ఉంటారు.