యూట్ మీద ఇద్దరు పట్టే గది

ఆగస్టు నెలాఖరులో ఒక శనివారం పొద్దున్న ఏడున్నరకి, ఆస్ట్రేలియాలో మేముండే ట్రుగనీనాలో మా ఇంటి ముందు బండెక్కి, సీటు బెల్టు కూడా పెట్టుకుని మా ఆయన కోసం ఎదురుచూస్తున్నాను. ఏడింటికల్లా బయల్దేరాలని ముందురోజు నా బుర్ర తినేసిన మనిషి ఇప్పుడు గరాజులో కొలతల టేపు వెతుక్కుంటున్నారు. అది జేబులో లేకపోతే ఆయన దేనికీ బయటికి కదలరు. హారన్ కొడదామనుకున్నాను గానీ పక్కింటివాళ్ళు లేస్తారని ఊరుకున్నాను.

ఈ ప్రయాణం ఎందుకో ముందు చెప్పాలి. మాకో డ్యుయల్ క్యాబ్ యూట్ ఉంది. అంటే ముందు అయిదుగురు కూర్చునే క్యాబిన్, వెనక సామాన్లేసుకునే తొట్టి. ఆ తొట్టిలో దించి బిగించుకునే చిన్న గదులు ఇక్కడ అమ్ముతారు, స్లైడ్-ఆన్ క్యాంపర్లంటారు. రోడ్డు మీద వెళ్తున్నంతసేపూ కప్పు కిందికి అణిగి ఉంటుంది. ఆగినచోట పైకెత్తితే చుట్టూ కాన్వాసు గోడలు లేచి లోపల హాయిగా నిలబడొచ్చు. మంచం డ్రైవరు నెత్తి మీదికి వస్తుంది. వెనక ట్రైలరు ఈడ్చుకెళ్ళే బాధ ఉండదు. రివర్సు చేసేటప్పుడు మొగుడూ పెళ్ళాలు కొట్టుకోవక్కర్లేదు. ఆ సుఖం మాకు ఇంకా తెలియదు, అది వేరే సంగతి.

ఆఫీసులో పదేళ్ళు దాటినందుకు మా ఆయనకి ఆరు వారాల లాంగ్ సర్వీస్ లీవు వచ్చింది. సెప్టెంబరు మధ్యలో మొదలు. నల్లార్బోర్ మైదానం దాటి వెస్టర్న్ ఆస్ట్రేలియా వెళ్ళి, నేలంతా అడవిపూలు విరగబూసే ఆ కాలాన్ని చూడాలని నా కోరిక. ఈ దేశానికొచ్చి పద్నాలుగేళ్ళయినా నేను చూసిందల్లా గ్రేట్ ఓషన్ రోడ్డే. ఇండియా నుంచి ఎవరు దిగినా తీసుకెళ్ళేది అక్కడికే కదా! సముద్రంలో నిలబడ్డ ఆ రాళ్ళు ఇప్పుడు నన్ను చూస్తే గుర్తుపట్టి పలకరిస్తాయి. రెండేళ్ళ కిందట మేమిద్దరం టాస్మేనియాకి టిక్కెట్లు కొంటే, విషయం తెలిసి రెండు కుటుంబాలు తోడొచ్చాయి. టాస్మేనియాలో నాకు బాగా గుర్తున్నది ఒక అద్దె ఇంటి వంటగది సింకు.

కాబట్టి ఈసారి నాకు ఇద్దరు పట్టే గది చాలు. మా ఆయనకేమో "ఎవరైనా వస్తే?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పే గది కావాలి.

ఆ ప్రశ్న మా ఇంటి రాజ్యాంగం. ముగ్గురం ఉన్నప్పుడే ఏడు సీట్ల కారు కొన్నాం, ఎవరైనా వస్తే అని. గరాజులో గోడకి ఆనించిన పరుపులున్నాయి, ఎవరైనా వస్తే అని. మా అమ్మాయి నిత్య బ్రిస్బేన్‌లో యూనివర్సిటీకి వెళ్ళిపోయి ఇంట్లో మేమిద్దరమే మిగిలినా నానబోసే పప్పు మాత్రం తగ్గలేదు. నాలుగు నెలలుగా ఇద్దరి పడకున్న క్యాంపరు చూసినప్పుడల్లా "ఒక్కరోజు ఆలోచిద్దాం వాణీ" అంటారు. ఆ ఒక్కరోజులో దాన్ని ఇంకెవరో ఎగరేసుకుపోతారు. కొన్నాక వైరింగు, బిగింపులు అవీ చేయించాలి, దానికి రెండు వారాలు పడుతుంది. ఇవాళ తేలకపోతే లీవంతా పెరట్లో గడ్డి కోసుకుంటూ గడపడమే.

ఎనిమిదింటికి వెస్టర్న్ ఫ్రీవే ఎక్కాం. బేకస్ మార్ష్ దాటాక పొగమంచు. తొమ్మిదికి కాస్త ముందు బాలన్ ఊళ్ళో బేకరీ దగ్గర ఆగి రెండు కాఫీలు, రెండు కూరగాయల పేస్టీలు తీసుకున్నాం. పేస్టీలో మిరియం గింజ కూడా లేదు గానీ వేడిగా ఉంది. పక్క బల్ల దగ్గర కుక్కతో కూర్చున్న పెద్దాయన మా మాటల్లో క్యాంపర్ అన్న ముక్క పట్టుకుని అడిగాడు.

"మొదటిసారి కొంటున్నారా? అయితే పెద్దదే కొంటారు. రెండోసారికి చిన్నది కొంటారు."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కాఫీ ఊదుకుంటూ తెలుగులో, "పాపం, ఆయనకి చుట్టాలు లేరనుకుంటా" అన్నారు.

తొమ్మిదిన్నరకి బల్లారాట్ శివార్లలో అమ్మకాల యార్డుకి చేరాం. ఆ చలిగాలికి నా చెవులు ఊడిపడతాయనుకున్నాను. మాకు క్యాంపర్లు చూపించిన గ్లెన్ మాత్రం నిక్కరులో తిరుగుతున్నాడు. మా ఆయన పేరు కిశోర్ అయితే మొదటి నిమిషంలోనే కిష్ చేసేశాడు.

అక్కడి పెద్ద క్యాంపరు చూడగానే మా ఆయన మొహం వెలిగిపోయింది. పైన డబుల్ మంచం. కింద బల్లని దించి సోఫాలు కలిపితే ఇంకో డబుల్ మంచం. షూ విప్పి పైనా పడుకున్నారు, కిందా పడుకున్నారు. కింద పడుకుని నన్ను పైకెక్కి పడుకోమన్నారు, అతిథులకి గురక వినిపిస్తుందో లేదో చూడాలిట! గ్లెన్ ఎదురుగా ఈ వేషాలేంటని నేను ఎక్కలేదు.

"నలుగురా మీరు?" అని గ్లెన్ అడిగాడు.

"ఇద్దరమే. ఎవరైనా వస్తే అని."

"ఎవరొస్తున్నారు?"

"ఇంకా తెలీదు" అన్నారు మా ఆయన, ఎంతో నిజాయితీగా.

గ్లెన్ కాసేపు తల గోక్కున్నాడు. ఆ తర్వాత అతను చెప్పిన మాట మొదటిసారి కొనేవాళ్ళందరూ వినాలి. కాగితం మీద రాసే బరువు ఖాళీ క్యాంపరుది. నీళ్ళ ట్యాంకు నింపి, బ్యాటరీ, గ్యాసు, బట్టలు, తిండి పెట్టి, ముందు ఇద్దరు మనుషులు కూర్చునేసరికే ఈ పెద్దదానితో మా యూట్ మోయగలిగిన హద్దు దాటిపోతుంది. చట్టం ఒప్పుకోదు, ఇన్సూరెన్సు అసలే ఒప్పుకోదు. మేం బియ్యం బస్తా సంగతి ఇంకా చెప్పనే లేదు.

"మరి వచ్చేవాళ్ళు వేరే కార్లో వస్తే?" అన్నారు మా ఆయన.

"వేరే కార్లో వస్తే టెంటు కూడా వాళ్ళే తెచ్చుకోవచ్చుగా, మేట్?"

మా ఆయన నొచ్చుకున్నారు. "మనింటికొచ్చినవాళ్ళని టెంట్లో పడుకోమంటామా?" అని తెలుగులో నన్నడిగారు, ఆ మాటన్నది నేనైనట్టు.

నేను లోపలి స్టవ్వు దగ్గర నిలబడి పోపు సంగతి ఎత్తాను. కాన్వాసు గోడల మధ్య ఇంగువ, ఎండుమిర్చి వేయిస్తే ఆ వాసన గుడ్డలోకి ఇంకి, మేం పెర్త్ చేరేదాకా మాతోనే కాపురం చేస్తుంది. గ్లెన్ ఫ్యాను చూపించాడు. నా అరచెయ్యంత ఉంది. పైగా నలుగురికి వండాలంటే ఆ ఇరుకులో నుంచుని నేనే వండాలి. అది మాత్రం ఎవరూ టేపుతో కొలవరు.

ఇక తేలిపోయిందనుకుంటుండగా గ్లెన్ నోరుజారాడు. స్ప్రింగులు మార్పించి, సర్టిఫికెట్టు తెచ్చుకుంటే బండి హద్దు పెంచుకోవచ్చుట. కాకపోతే ఆ పని చేసే వర్క్‌షాపులో రెండు నెలల క్యూ ఉందిట.

"రెండు నెలలే కదా" అన్నారు మా ఆయన. "లీవు వాయిదా వేసుకుంటే సరి. మా మేనేజర్ ఏమనడు."

"మీ మేనేజర్ ఏమనడు. పూలు ఆగుతాయా?"

"వచ్చే ఏడు కూడా పూస్తాయిగా."

నాకు ఒళ్ళు మండిపోయింది. గ్లెన్‌కి థాంక్స్ చెప్పి బయటికొచ్చి బండిలో కూర్చున్నాను. ఆయన సోమవారం దాకా దాన్ని ఎవరికీ ఇవ్వొద్దని గ్లెన్‌కి చెప్పి మరీ వచ్చారు. నాకు వినపడదనుకున్నారు కాబోలు.

పదకొండున్నరకి బయల్దేరి క్రెస్విక్ మీదుగా డేల్స్‌ఫర్డ్ వెళ్ళాం. చెరువు పక్కన బండాపి, లోపలే కూర్చుని పులిహోర, పెరుగన్నం తిన్నాం. దారి చక్కగా ఉంది, రెండు వైపులా పచ్చగా గొర్రెల బీళ్ళు, మధ్యమధ్య వాటిల్ చెట్లు పసుపు పోసినట్టు పూసి ఉన్నాయి. ఎవరైనా వెళ్తే తప్పక ఆగండి. మేం మాత్రం అక్కడున్న అరగంటలో మాట్లాడుకున్నది "ఊరగాయ ఏదీ?" "సంచిలో ఉంది" అన్న రెండు ముక్కలు.

రెండింటికి కాసిల్‌మేన్‌లో రెండో క్యాంపరు. అమ్మేవాళ్ళు రాస్, హెదర్ అనే రిటైరైన దంపతులు. రాస్‌కి మోకాలు అరిగిపోయి మంచం మీదికి ఎక్కలేకపోతున్నాడుట, అందుకే అమ్మేస్తున్నారు. గరాజులో నాలుగు కాళ్ళ జాకీల మీద నిలబెట్టి ఉంది. పాతదే గానీ శుభ్రంగా ఉంది. పైన ఇద్దరికి మంచం, లోపల ఇద్దరు కూర్చునే బెంచీ. స్టవ్వు పక్క తలుపులోంచి బయటికి తిరుగుతుంది, వంటంతా ఆరుబయటే. పోపు పెట్టుకుంటే ఆస్ట్రేలియా మొత్తం దగ్గుతుంది గానీ మా దుప్పట్లకి ఏమీ కాదు. బరువు కూడా మా బండి హద్దులో హాయిగా సరిపోతుంది. కాన్వాసు మూలల్లో ముక్కు పెట్టి చూశాను, బూజు వాసన లేదు. జిప్పులన్నీ లాగి చూశాను. కప్పు ఒంటిచేత్తో లేచింది. నా మనసు అక్కడే పడిపోయింది.

"రాస్ వాళ్ళ చెల్లెలు ఏటా అడిగేది, నేనూ వస్తానని" అంది హెదర్ నవ్వుతూ.

"చోటు లేదని చెప్పేవాణ్ణి" అన్నాడు రాస్. "అది అబద్ధం కూడా కాదు కదా!"

మా ఆయన కూడా మర్యాదకి నవ్వారు. నవ్వి, జేబులోంచి టేపు తీసి, లోపల నేల కొలవడం మొదలుపెట్టారు.

"వాణీ, బెంచీ విప్పేస్తే ఇక్కడో పరుపు పడుతుంది. కాళ్ళు కొంచెం తలుపు బయటికొస్తాయంతే. ఎవరైనా వస్తే..."

అంతే. నాలుగు నెలల నుంచి దిగమింగుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"ఆ టేపు లోపల పెట్టండి! ఎవరూ రారు. వస్తామంటే నేనే వద్దంటాను. పద్నాలుగేళ్ళూ ఎవరెవరికో కాఫీలు కలుపుతూ చూశాను ఈ దేశాన్ని. వచ్చినవాళ్ళంతా ఫోటోల్లో ఉన్నారు, తీసేది నేను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి మీతో చూడాలని ఉంది నాకు. మీతో. అదేమన్నా నేరమా?"

రాస్, హెదర్లకి తెలుగు రాదు. రావలసిన అవసరం కూడా లేకపోయింది. హెదర్ "టీ పెడతాను" అంటూ లోపలికెళ్ళింది. మోకాలు నొప్పని చెప్పిన రాస్ ఆమె వెనకే గబగబా నడిచాడు.

మా ఆయన నేల మీద మోకాళ్ళ మీదే ఉండిపోయారు. టేపు చుట్టుకుని జేబులో పెట్టుకున్నారు. నా వైపు చూడలేదు. లేచి ఇంట్లోకి వెళ్ళి, "మేం తీసుకుంటాం" అని రాస్‌తో చెప్పడం నాకు వినిపించింది. బేరం కూడా ఆడలేదు. కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరమాడే మనిషి! అడ్వాన్సు ఫోన్లోనే పంపించారు. వచ్చే శనివారం వస్తే బండికి ఎక్కించి ఇస్తానన్నాడు రాస్. టీతో పాటు హెదర్ చేసిన నిమ్మకాయ కేకు తిన్నాం. గ్లెన్‌కి మా ఆయన చేత ఫోన్ చేయించి ఆ పెద్దదాన్ని అమ్మేసుకోమని చెప్పించాను, నా ఎదురుగానే.

నాలుగింటికి కాల్డర్ ఫ్రీవే మీద ఇంటిదారి పట్టాం. కైన్‌టన్ దాటుతుండగా బండి స్పీకర్లో ఫోన్ మోగింది. మా రెండు వీధుల అవతల ఉండే సుధాకర్ గారు. మా ఆయనతో కలిసి చదువుకున్నాయన, అప్పుడు టాస్మేనియాకి తోడొచ్చిన రెండు కుటుంబాల్లో వాళ్ళదొకటి.

"ఏరా కిశోర్, కొన్నావా? ఎంతమంది పడుకోవచ్చు?"

నేను అద్దంలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

"ఇద్దరికేరా" అన్నారు మా ఆయన.

"అదేంట్రా, అంత చిన్నదా! సర్లే, నో వరీస్. మా ఎస్‌యూవీ సీట్లు మడిచేస్తే మేమిద్దరం సర్దుకుంటాం. మీ చెల్లెలు కూడా ఆ పూలు చూడాలని ఒకటే గొడవ. ఆరు వారాలు మీరిద్దరే అంటే బోరు కొట్టి చస్తారు. లీవు అప్లై చేసేస్తున్నా, డేట్లు చెప్పు."

మా ఆయన నోరు తెరిచారు, మూశారు. ఆ నోట్లోంచి "రండిరా" అన్న మాట వచ్చేస్తుందని నాకు తెలుసు. మొహమాటం ఆయనకి జ్వరం లాంటిది, పైకి కనిపిస్తుంది.

"అన్నయ్యగారూ" అన్నాను నేను. "ఏమీ అనుకోకండి. ఈసారి మేమిద్దరమే వెళ్తున్నాం. మీరు రావద్దు."

మావాళ్ళెవరైనా ఒకరితో ఒకరు ఇంత మాట అనగా నేను ఇంతవరకూ వినలేదు, అన్నది నేనే అయినా. "అలాగేనమ్మా, అలాగే... ఎంజాయ్ చేయండి" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

"ఏమనుకుంటాడు వాడు?" అన్నారు మా ఆయన.

"అనుకోనీండి."

గిస్బోర్న్ దగ్గరికొచ్చాం. ఈ దారిన క్యాంపరు కొనడానికి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. నింపిన బరువు అడగండి, మూలలు వాసన చూడండి, ఎంతమంది పడుకోవచ్చని కాకుండా ఎంతమందితో వెళ్ళాలనుందని ఇంటి దగ్గరే తేల్చుకుని బయల్దేరండి. అలసట వచ్చింది, చిరాకు వచ్చింది, అయినా గెలిచానని లోపల్లోపల సంతోషంగానే ఉంది. ఎండ వాలి, రోడ్డు పక్క బీళ్ళన్నీ తేనెరంగులోకి తిరుగుతున్నాయి. అప్పుడు మా ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, చాలా మెల్లగా అడిగారు.

"వాణీ, ఆరు వారాలు మనిద్దరమే... ఏం మాట్లాడుకుంటాం?"

వేళాకోళమేమోనని మొహం చూశాను. కాదు. నిజంగానే అడుగుతున్నారు. గరాజులో ఆ పరుపులన్నీ ఎందుకో, ఏడు సీట్లు ఎందుకో నాకప్పుడు తెలిసింది.

"నాకూ తెలీదు" అన్నాను.

ఆయన తలూపారు. "పోనీ పాటలు పెట్టనా?" అన్నారు.

"వద్దు" అన్నాను. "ఈసారి మనిద్దరమే."