పెళ్లిచీర మగ్గం మీద ఉండగా

నా చిన్నప్పుడు ధర్మవరంలోని మా ఇంట్లో మగ్గం మీద పెళ్లిచీర ఉందంటే చాలు, దాన్ని కోసి దించేదాకా చావు మాట, రోగం మాట ఎత్తకూడదు. ఎత్తితే ఆ చీర కట్టుకునే పెళ్లికూతురికి అరిష్టమని మా అవ్వ నమ్మకం. మాకు ఏడాదిలో సగం రోజులు పెళ్లిచీరలే. జ్వరమొచ్చినా సైగలతోనే చెప్పుకునేవాళ్లం. వింటే మీకు నవ్వు రావచ్చు, నాకు రాదు.

నాకు పన్నెండేళ్లప్పుడు మా వీధికి టీకాలు వేయడానికి ఒక నర్సమ్మ వచ్చేది. మగ్గాలకు దారపు కండెలు చుట్టే ఆడపిల్లలందరినీ ఒక అరుగు మీద కూర్చోబెట్టి, గొంతు తగ్గించకుండా, ముఖం తిప్పుకోకుండా మా ఒంటి సంగతులు మాకు చెప్పేది. ఆ రోజు ఆడామగా కలయికతో ఒకరి నుంచి ఒకరికి, తల్లి నుంచి కడుపులో బిడ్డకు అంటుకునే రోగాల గురించి చెప్పింది. ఒక రోగంలో పుండు నొప్పి లేకుండా లేస్తుందట, దానంతట అదే మానుతుందట, రోగం మాత్రం లోపలే ఉండిపోతుందట. సూదిమందుతో పోయేదాన్ని సిగ్గుతో పెంచుకోవద్దంది. మేం తలలు వంచుకొని ముసిముసిగా నవ్వాం. నాకు మాత్రం ఒక్క మాటా పొల్లుపోకుండా గుర్తుండిపోయింది.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర గొప్పకు పోయి అదంతా ఏకరువు పెట్టాను. సగంలోనే అమ్మ చెంప మీద కొట్టింది. మగ్గం మీద పెళ్లిచీర ఉంది మరి. పైగా ఆడపిల్ల నోట అలాంటి మాటలు. అవ్వ గబగబా లేచిపోయి మగ్గానికి హారతి ఇచ్చింది. మా అన్న కంచంలో చెయ్యి పెట్టుకొని అలాగే ఉండిపోయాడు. అప్పుడు అన్నకు పదిహేడేళ్లు. అంతకు నెల ముందు స్నేహితులతో హిందూపురం పోయి రెండు రోజులు ఉండి వచ్చాడు. ఆ తర్వాత నుంచే ఒంట్లో బాగాలేదు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని పొద్దస్తమానం నేస్తే వేడి చేయక ఏం చేస్తుందని అవ్వ సబ్జా గింజలు నానబెట్టి ఇస్తూ ఉండేది.

మర్నాడు నేను కండెలు అందిస్తుంటే అన్న మగ్గం ఆపకుండానే అడిగాడు.

"పాపా, ఆ నర్సమ్మ యాడ కూర్చుంటాది?"

నాకు తెలుసు. రెండు వీధుల అవతల, మందుల గదిలో. కానీ మళ్లీ ఆ మాటెత్తి దెబ్బలు తినడమెందుకనుకున్నాను.

"నాకు తెల్దన్నా. నన్ను అడగొద్దు."

అన్న మళ్లీ అడగలేదు. నెల తిరక్కుండా కోలుకున్నట్టే కనిపించాడు. సబ్జా నీళ్ల మహిమేనని అవ్వ వీధంతా చెప్పుకుంది.

మూడేళ్లకు తలుపుల అనే ఊరి నుంచి వదిన మా ఇంటికి కోడలిగా వచ్చింది. వచ్చిన నెలకే నేను ఆమె కొంగు పట్టుకొని తిరిగేదాన్ని. రెండుసార్లు నెలలు నిండకుండానే ప్రాణం లేని బిడ్డలను కనింది. రెండో బిడ్డకు గోళ్లు కూడా వచ్చాయి, నేను చూశాను. ఆ కడుపే మంచిది కాదని మావాళ్లు ఆమెను పుట్టింటికి పంపేశారు. పెనుకొండలో ఒక డాక్టరమ్మ ఆమెకు రక్తపరీక్ష చేయించి, నర్సమ్మ చెప్పిన ఆ రోగమేనని తేల్చింది. సూదులు వేస్తే ఇద్దరికీ నయమైంది. కానీ అన్న ఆమె ముఖం చూడలేక, తీసుకురావడానికి పోనేలేదు.

నేను ఏడుస్తూ నర్సమ్మ దగ్గరికి పోయి, తెలిసి కూడా అన్నతో తెలియదన్న సంగతి చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వప్పుడు చిన్నపిల్లవి తల్లీ. ఆ పొద్దు నిన్ను కొట్టకుండా పెద్దోళ్లు ఇనింటే సరిపోయేది. నువ్వు పెద్దయినాక ఇను."

పెద్దయ్యాక అంగన్‌వాడీ టీచరుగా పనిచేసినన్నాళ్లూ పిల్లలు చెప్పేది విన్నాను. మానేశాక కూడా ఈడొచ్చిన మగపిల్లలను, ఆడపిల్లలను కూర్చోబెట్టి ఆమె చెప్పినట్టే చెబుతున్నాను. ఇవన్నీ విప్పి చెబితే పిల్లలు చెడిపోరా అని తల్లులు నా మీదికొస్తారు. మా అన్నకు ఎవరూ ఏమీ చెప్పలేదమ్మా, అయినా తప్పు చేశాడు, చెప్పి ఉంటే ఆ నెలలోనే సూది వేయించుకునేవాడు అంటాను. కొందరు వింటారు, చాలామంది వినరు. ఆసుపత్రి ఎక్కడని ఏ పిల్లాడైనా అడిగితే మాత్రం నేనే వెంట నడిచి పోతాను.

అన్న పోయి ఆరేళ్లయింది. వదిన తలుపుల ఊళ్లోనే తన తమ్ముడి ఇంట్లో ఉంది. ఏటా ఒకసారి చూసి వస్తాను. ఈ వయసులో కూడా నన్ను ముందర కూర్చోబెట్టుకొని తలకు నూనె పెడుతుంది. ఏదీ దాచుకోవద్దని ఊరందరి పిల్లలకూ నేర్పే నేనే, ఆ రోజు అన్న నన్ను అడిగాడన్న సంగతి మాత్రం ఆమెకు ఇప్పటికీ చెప్పలేకపోయాను.