మలుపు దగ్గర గడ్డి

మేస్త్రి ఉద్యోగం సగం గడ్డి పీకడంతోనే గడిచింది. రైలు పట్టాల బాగోగులు చూసే ఎనిమిది మంది ముఠాకు ఆయన పెద్ద. చెల్లెలి భర్త కూడా అదే ముఠాలో పనిచేసేవాడు. బావా బావా అనుకుంటూ ఇద్దరూ ఒకే డబ్బాలోంచి తినేవాళ్లు.

ఒక వానాకాలం మలుపు దగ్గర గడ్డి మనిషి భుజాల దాకా పెరిగింది. కోయడానికి మనుషుల్ని ఇమ్మని మేస్త్రి ఇంజనీరును మూడుసార్లు అడిగాడు. "చూద్దాంలే" అన్నాడాయన. ఆ చూడడం పూర్తికాకముందే, ఒక ఉదయం వేళ తప్పిన బండి ఒకటి వచ్చింది. జెండా పట్టుకుని కాపలా ఉన్న బావకు అది దగ్గరపడేదాకా కనిపించలేదు. కేక పెట్టాడు. అందరూ దూకారు. చివరివాణ్ణి పక్కకు నెట్టి తాను మాత్రం తప్పుకోలేకపోయాడు.

మర్నాటికల్లా గడ్డి కోసేశారు. తర్వాత విచారణ జరిగింది. గడ్డి ముందే కోసి ఉందని, కాపలా మనిషే ఏమరుపాటుగా ఉన్నాడని కాగితం తయారైంది.

"నీ ముఠా, నీ హద్దు. గడ్డి ఉందంటే ముందు ఊడేది నీ ఉద్యోగమే" అన్నాడు ఇంజనీరు.

మేస్త్రి సంతకం పెట్టాడు.

ముఠాలో ఎవరూ నిజం బయటపెట్టలేదు కాబట్టి చెల్లెలు ఆ కాగితాన్నే నమ్మింది. కుట్టు మిషను తొక్కి కూతుర్ని పెంచుకుంది. ఒళ్లు మండినప్పుడల్లా, "దిక్కులు చూస్తూ నిలబడి నన్ను నట్టేట ముంచాడు మహానుభావుడు" అని పోయినవాణ్ణి తిట్టేది. ఎదురుగా కూర్చున్న అన్న కాఫీ గ్లాసులోకి చూస్తూ వినేవాడు. పదకొండేళ్లు అలాగే విన్నాడు.

ఆయన రిటైరయ్యేసరికి పాత లైను ఎత్తేశారు. రైల్వే మ్యూజియంలో దాని నమూనా కడుతూ, ఎక్కడ ఏముండేదో తెలిసినవాడని మేస్త్రిని పిలిచారు. నమూనాలు చేసే ఆవిడ ఆయనకు గడ్డి పని నేర్పింది. మట్టిరంగు వేసిన అట్ట మీద జిగురు పూయాలి. ఆ తడిలో ఒక మేకు గుచ్చి, కరెంటు జల్లెడ తీగ దానికి తగిలించాలి. జల్లెడలో నైలాన్ నూగు పోసి మీట నొక్కి ఊపితే, ఆ కరెంటుకు రాలిన ప్రతి పోగూ రోమం నిక్కబొడుచుకున్నట్టు నిటారుగా నిలబడుతుంది.

"ముప్పై ఏళ్లు పీకిన పాపం ఇలా కడుక్కుంటున్నావా మేస్త్రీ?" అని పాత ముఠావాళ్లు వచ్చి నవ్వారు.

ఆయన గడ్డిని ఒకే రంగులో వేయలేదు. కాలువ వెంట ముదురాకుపచ్చ, కంకర అంచున ఎండు పసుపు, ఇంజను ఆగి నూనె కారే చోట బోడినేల. మలుపు దగ్గర మాత్రం ఒక పొర ఆరాక కొనలకు జిగురు తాకించి ఇంకో పొర, దాని మీద మరో పొర వేశాడు.

"ఇక్కడ పొట్టిగా ఉంటే చాలండీ, లేకపోతే బండి కనపడదు" అంది ఆవిడ.

"కనపడేది కాదమ్మా" అన్నాడు.

ప్రారంభం రోజున చెల్లెల్ని రమ్మన్నది కూడా ఆయనే. నోటితో చెప్పలేక ఆ దారి పట్టాడు. ఆమె నమూనాకు బిగించిన అద్దం మీదికి వంగి మలుపు దగ్గర ఆగిపోయింది.

"ఇది అదేనా అన్నయ్యా?"

"అదే."

"ఆ రోజు గడ్డి ఇంత ఉందా?"

"ఉంది."

"మరి కాగితంలో కోసి ఉందని రాశారుగా. కింద నీ సంతకం చూశాను నేను."

మేస్త్రి తల దించుకున్నాడు. "ఉద్యోగం పోతుందన్నారమ్మా."

"గడ్డి తిన్నావన్నమాట." ఆమె గొంతు పెంచలేదు. "నా చేత రోజూ ఆయన్ని తిట్టించావు. నా కూతురికి కూడా అదే నేర్పాను. ఒక్కనాడైనా, ఆపవే అనలేదే నువ్వు!"

చేతిసంచీ భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది.

మేస్త్రి జరిగింది జరిగినట్టు రాసి రైల్వే ఆఫీసుకు పంపాడు. పాత ఫైళ్లు నాశనం చేశామని రెండు వాక్యాల జవాబు వచ్చింది. పిల్లలకు బండి కనపడడం లేదని మ్యూజియంవాళ్లు మలుపు దగ్గర గడ్డిని కత్తిరించేశారు. రాసినదాని నకలు పట్టుకుని ఆయన చెల్లెలి ఇంటికి వెళితే, గడపలోనే నిలబడి మొత్తం చదివింది. మడిచి తన దగ్గరే ఉంచుకుంది. లోపలికి రమ్మనలేదు.

ఆ వారమే ఆమె భర్త ఫొటోకి పటం కట్టించి ముందుగదిలో తగిలించిందని పక్కింటావిడ చెప్పింది. దాన్ని మేస్త్రి ఇంతవరకూ చూడలేదు.