పాటకు ముందు తలుపు చప్పుడు

మా ముత్తాత ఏడూళ్లకు దేశ్‌ముఖ్. మా తాత శిస్తు వసూలు చేసే మాలీ పటేల్ పనీ, పోలీసు పటేల్ పనీ రెండూ తన చేతిలోనే ఉంచుకున్నవాడు. ఆయన కోటలాంటి మా గడిలోంచి బయటికి వస్తే ఊళ్లో చెప్పులు చేతుల్లోకి వచ్చేవని అనేవారు. మా నాయిన సర్పంచిగా చేశాడు. నేను నల్లగొండలో కిరాయి ఇంట్లో ఉంటాను. ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేసి మానుకున్నాను. అయినా ఇస్త్రీ లేని చొక్కాతో ఇన్నాళ్లూ గడప దాటలేదు. పిలవని ఇంటికి పోలేదు.

ఊళ్లో మా గడి సగం కూలింది. కూలని సగంలో గట్టిగా మిగిలింది ధాన్యపు అర్ర. గోడలు రాయీ సున్నమూ. తలుపు మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వడ్రంగులను పిలిపించి చేయించిన టేకు తలుపు. పాత కలప కొనే సేటు ఒకాయన హైదరాబాదు నుంచి ప్రతి ఎండాకాలం వచ్చి బేరం పెట్టేవాడు. కూర్చోమని కూడా అనకుండా పంపించేవాణ్ణి.

నా కూతురు చౌటుప్పల్‌లో మందుల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తుంది. డ్యూటీ దిగాక ముగ్గురు స్నేహితులతో కలిసి పాడుతుంది. అది ఏం పాటని ఒకసారి అడిగాను.

"మన ఊర్ల పాటలే బాపూ. నాటేసేటప్పుడు పాడేటియి, బతుకమ్మకు పాడేటియి. వాటికి గిటారు, డ్రమ్స్ కడ్తం. రూట్స్ రాక్ అంటరు."

వాళ్ల మొదటి ఆల్బమ్ రికార్డు చేయడానికి నన్ను ధాన్యపు అర్ర తాళంచెవి అడిగింది. "స్టూడియో కిరాయి మాతోని కాదు బాపూ. గా అర్ర గోడలు మందం. లోపల గొంతు మంచిగ మోగుతది."

వద్దనడానికి ఒక కారణం చెప్పాలి. చెప్పగలిగిన కారణం నా దగ్గర లేదు. చిన్నప్పుడు మా అవ్వ మమ్మల్ని ఆ వైపు ఆడుకోనిచ్చేది కాదు. ఎందుకని అడిగితే మాట మార్చేది. అందులో ధాన్యం ఒక్కటే పెట్టలేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ నోటితో అనలేదు. నా కూతురు ఒక్కతే ఏమీ తెలియకుండా పెరిగింది. అలాగే ఉండాలని నా కోరిక. తాళంచెవి ఇచ్చాను.

ఆల్బమ్ యూట్యూబులో పెట్టిన రోజు లింకు పంపింది. మొదటి పాట పెట్టి చెవికి ఫోను ఆనించుకున్నాను. గిటారు కంటే ముందు, గొంతు కంటే ముందు, తలుపు తెరుచుకుంది. మొదట సన్నగా కిర్రుమంది, నడుమ ఒక్క క్షణం ఆగింది, తర్వాత బరువుగా కదిలింది. కింద గడప రాయికి తగిలి అలా ఆగుతుంది. ఆ ఆగడం మరే తలుపుకూ లేదు. నా చొక్కా వీపుకు అతుక్కుంది.

ఫోను చేసి ఆ చప్పుడు ఎందుకని అడిగాను.

"మైకు ఆన్‌ల ఉండంగ ఎవలో తలుపు తీసిన్రు బాపూ. ఇంటే మస్తుగ అనిపించింది. ఉంచినం."

ఆ రోజు నుంచి పొద్దున లేవగానే పాట కింద జనం రాసేది చదవడం నా పని అయింది. నా వయసువాడు ఎవరైనా కూతురిని మెచ్చుకుంటే సంతోషిస్తాడు. నేను భయంతో చదివేవాణ్ణి. ఒకడు రాశాడు: "గా తలుపు సప్పుడు తీసెయ్యున్రి, నా స్పీకరు ఖరాబైందనుకున్న." వాడి కింద ఇంకొకడు: "నీ స్పీకరే తీసెయ్యి, గా తలుపే అసలు పాట." ఒకామె: "మా అమ్మ పాడుతుంటె ఏడుపొచ్చేది, గిటారుతోని ఇంటె ఎగరబుద్ధయితుంది, గిది తప్పా?" ఒక రైతు: "ట్రాక్టరుల పెట్టుకొని దున్నిన. డీజిలు అయిపోయింది గని పాట ఆపబుద్ధి కాలె." నవ్వు వచ్చే మాటలు కూడా నాకు నవ్వు తెప్పించలేదు. నేను వెతుకుతున్నది మా ఊరి పేరు ఒక్కటే. మా ఊరివాడు ఒక్కడు నోరు విప్పితే, దొర బిడ్డ మన పాటలు మనకే పాడుతోందని ఆ జనమే తిరగబడతారు. అదైనా ఓర్చుకోవచ్చు. నా కూతురు నా ముఖం చూసి ఏమనుకుంటుందన్నదే నాకు నిద్ర లేకుండా చేసింది.

ఒక పొద్దున ఆ మాట వచ్చింది. "గీ తలుపు మా అవ్వకు ఎరుకే."

దాని కింద నా కూతురు అప్పటికే రాసింది, ఏ ఊరు అన్నా అని. అతను మా ఊరి పేరు రాశాడు.

నేను నీళ్లు తాగేలోపే ఫోను మోగింది. "బాపూ, మన ఊరే! మన తలుపును సప్పుడుతోనే గుర్తువట్టింది ముసలామె! నేను పోయి కలుస్త."

"నేను గూడ వస్త," అన్నాను. ఒంటరిగా పంపే ధైర్యం లేదు. వెంట వెళ్లే ధైర్యమూ లేదు.

ఆదివారం నా కూతురి స్కూటీ మీద వెనక కూర్చుని పోయాను. మా తాత గుర్రం మీద తిరిగిన బాట అది. వీపు నిటారుగా ఉంచి, దేన్నీ పట్టుకోకుండా కూర్చున్నాను.

వాళ్ల ఇంటి ముందు పత్తి కుప్ప పోసి ఉంది. తలుపు సంగతి రాసిన అబ్బాయి, ముసలామె మనవడు, ట్రాక్టరు నడుపుతాడట. నన్ను "సార్" అన్నాడు. ముసలామె మంచం మీద కూర్చుని ఉంది. ఆమె మాత్రం లేవబోయి "దొరా" అంది. లేవవద్దన్నాను. ఇరుగుపొరుగు ఆడవాళ్లు పత్తి ఏరడం ఆపి వచ్చారు. వాళ్లందరూ ఆల్బమ్ విన్నారు. అభిప్రాయాలు దాచుకునే మనుషులు కారు.

"డ్రమ్ములు గొట్టెటోడు నీ మీద పగవట్టిండా ఏంది బిడ్డా? నువ్వు నోరు తెరిస్తె సాలు, దడదడ గొడ్తడు," అని ఒకామె.

"నువ్వూకో. నీ మొగడు గురక పెడ్తె పక్క వాడకు ఇనవడ్తది, గప్పుడు లేదా లొల్లి?" అని ఇంకొకామె.

అందరూ నవ్వారు. నా కూతురు అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోవాలని, వెంటనే స్కూటీ ఎక్కాలని నాకు అనిపించింది. కానీ ఆమె ముసలామె దగ్గర కింద కూర్చుంది. "అవ్వా, నీకెట్లనిపించింది?"

"మల్ల పెట్టు బిడ్డా."

మనవడు ఫోనులో పెట్టాడు. తలుపు కిర్రుమంది. ఆగింది. ముసలామె తల తిప్పి తన ఇంటి గడప వైపు చూసింది. తలుపు పూర్తిగా తెరుచుకుని నా కూతురి గొంతు మొదలవగానే, "ఆపు," అంది.

"పాట మంచిగున్నది. మా అమ్మ గిట్లనే పాడేది. గని తలుపు తెరిసినంక ఎవలన్న బయటికి రావాలె గద బిడ్డా. నీ దాంట్ల ఎవ్వలు రారు."

నా కూతురు ముఖంలో ఇంకా నవ్వు ఉంది. "ఎవలు రావాలె అవ్వా?"

"మా నాయిన."

ముసలామె కోపంగా చెప్పలేదు. జొన్నల సంగతి చెప్పినట్టు చెప్పింది. "గడికి కొలిచేకాడ గింజలు తక్కువ పడ్డయని నాయినను గా అర్రలేసిన్రు. నేను ఇంత పోరిని. దినాం గట్క పట్టుకపోయి బయట కూసునేదాన్ని. తలుపు నడుమ ఆగుతది సూడు, గప్పుడు నా పానం గూడ ఆగేది. తెరుసుకున్నంక నాయిన గడప దాటి వస్తుండె. గా ఎండల కూసోని తింటుండె. ఒకనాడు తెరిసిన్రు. పిలిస్తె రాలె."

తిడతారని అనుకున్నాను. రాయి విసిరినా తట్టుకోవాలని మనసు గట్టి చేసుకుని వచ్చాను. ముసలామె నా వైపు చూడకుండా కోడలితో, "దొరకు చాయ పొయ్యి," అంది. తిట్టినా నాకు అంత భయం వేసేది కాదు. చాయ వచ్చింది. తాగకపోతే ఏమనుకుంటారోనని తాగాను.

నా కూతురు ముసలామె చేయి పట్టుకుని కూర్చుంది. లేచేటప్పుడు, "పాట ఉంచాల్నా అవ్వా?" అని అడిగింది.

"పాటకేమైంది? పాట ఉంచు. మా అమ్మది గద."

తిరుగు దారిలో నాకు కనిపించింది ఆమె వీపు ఒక్కటే. ముఖం కనబడితే ధైర్యమో అధైర్యమో ఏదో ఒకటి తేలేది. మొదటిసారి సీటు వెనక కమ్మి పట్టుకున్నాను. నార్కట్‌పల్లి దాటాము, నల్లగొండ వచ్చింది. నా ఇంటి ముందు స్కూటీ ఆపి, హెల్మెట్ తీయకుండానే అడిగింది.

"బాపూ, గా కలప సేటు నెంబరు నీ తాన ఉన్నదా?"

"ఉన్నది."

ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయింది.

రెండు మూడు రోజుల్లో ఆ పాట తీసేసి, అదే పాటను తలుపు చప్పుడు లేకుండా మళ్లీ పెట్టారు. ఇప్పుడు గిటారుతోనే మొదలవుతుంది. కింద జనం లొల్లి మొదలుపెట్టారు. "తలుపేది?" "గా తలుపు కోసమే ఇంటుంటిమి, ఎవలు తీయమన్నరు?" స్పీకరు ఖరాబైందనుకున్నవాడు, "నేనొక్కన్ని అంటె తీసిన్రా? మల్ల పెట్టున్రి," అని బతిమాలాడు. ముసలామె మనవడు మాత్రం ఒక మాట రాశాడు: "అవ్వ మొత్తం ఇన్నది."

నా కూతురు మునుపటిలాగే సాయంత్రం ఫోను చేస్తుంది. "తిన్నవా బాపూ?" అంటుంది. తిన్నానంటాను. ఆ తర్వాత ఒక క్షణం ఇద్దరమూ ఆగుతాము. నీకు ఎరుకనా అని ఇప్పుడు అడుగుతుంది అనుకుంటాను. ఇప్పటిదాకా అడగలేదు. ఫోను మోగినప్పుడల్లా ఇవాళ అడుగుతుందనే అనుకుంటాను.

ఆ ఎండాకాలం గడి కలప మొత్తం సేటుకు అమ్మేశాను. స్తంభాలు, దూలాలు, తలుపులు. ధాన్యపు అర్ర తలుపు లారీలో అన్నిటికంటే అడుగున పోయింది.