పాత పికప్‌కు అంకెల ఏసీ

1996 ఏప్రిల్‌లో నేను నిర్మల్‌లో ఒక మోటారు వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ పనికి హెడ్ మిస్త్రీని. హెల్పర్‌గా చేరి మిస్త్రీనయ్యాను. బండికి చేయాల్సిన పనుల జాబ్ కార్డు రాయడం రానివాడికి అక్కడ హెడ్ పదవి ఇవ్వరు కాబట్టి, ముప్పై అయిదేళ్లకు అక్షరాలు నేర్చుకున్నాకే నాకా హోదా వచ్చింది.

ఆ నెలలో ఖానాపూర్ రైతు రాజిరెడ్డి తన తండ్రి నర్సారెడ్డి పికప్‌ను తెచ్చాడు. ముప్పై ఏళ్ల నాటి బండి. దెబ్బతిన్న ఏదో విదేశీ కారులోని ఏసీ సామాను మొత్తం, అంకెలు వెలిగే ప్యానెల్‌తో సహా, హైదరాబాదులో కొని గోనెసంచిలో కట్టి తెచ్చాడు. మే నెలలో ధర్మపురిలో అతని కూతురి పెళ్లి. పెద్దాయనకు గుండెజబ్బు, ఎండలో ప్రయాణం వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఏసీ కారు మాట్లాడితే ఆయన ఎక్కనన్నాడు. "నా బండ్లైతే వస్త. లేకుంటే పిల్లను, పిలగాన్ని ఇంటికే తోల్కరాండ్రి, అక్షింతలు ఏస్త" అన్నాడట. తాత రాకుంటే పీటల మీద కూర్చోనని మనవరాలు మొండికేసింది.

ఆ పాత బండిలో బ్యాటరీ ప్లస్ కొసను బాడీకి కలిపి ఉంచారు. కొత్త ప్యానెల్ పనిచేయాలంటే బాడీకి మైనస్ కొసను కలపాలి, తారుమారైతే క్షణంలో కాలిపోతుంది. వైరింగంతా మార్చాను. డైనమో ఇచ్చే కరెంటు చాలదని ఆల్టర్నేటర్ వేశాను. చివరి పని సెన్సర్. లోపలి వేడిని కొలిచే గింజంత వస్తువు అది. దాని మాట విని ప్యానెల్ కంప్రెసర్‌ను నడుపుతుంది, ఆపుతుంది. దాన్ని డ్యాష్‌బోర్డు మీద బిగించి, ఇరవై నాలుగు డిగ్రీలు పెట్టి గంటసేపు నడిపాను. బ్రహ్మాండంగా ఉంది.

అప్పగించిన మర్నాడే తండ్రీకొడుకులు చెమటతో తడిసి వచ్చారు. ప్యానెల్ మీద మాత్రం లోపలి వేడి ఇరవై! "ఏంది మిస్త్రీ, గీ అంకె అబద్ధమాడుతుందా, నా పానం అబద్ధమాడుతుందా?" అన్నాడు పెద్దాయన.

గ్యాసు, ఫ్యూజు, రిలే అన్నీ చూశాను. నేను నడిపితే చల్లగానే ఉంది. తీసుకుపోయారు, మళ్లీ అదే గోల. పెళ్లికి నాలుగు రోజులే ఉన్నాయి. "అన్నా, నీతోని కాకుంటే కాదని చెప్పు. బాపును ఇంట్లనే ఉంచుత. గా ముచ్చట మా బిడ్డకు నువ్వే వచ్చి చెప్పాలె" అన్నాడు రాజిరెడ్డి.

ఈసారి నేనూ వాళ్లతో ఎక్కాను. పెద్దాయన కూర్చోగానే భుజం మీది తువ్వాలను నీళ్లలో తడిపి, పిండి, డ్యాష్‌బోర్డు మీద పరిచాడు. ఎండాకాలం మా వైపు బండ్లలో చాలామంది చేసే పనే, తగిలే గాలి చల్లబడుతుందని. సెన్సర్ సరిగ్గా ఆ తడి గుడ్డ కిందే ఉంది, బండంతా చల్లబడిందనుకుని కంప్రెసర్‌ను ఆపిస్తోంది. దానికి చలికాలం, మాకు రోహిణి కార్తె.

నాకు నవ్వాగలేదు. తువ్వాల తీయమన్నాను.

"ముప్పై ఏండ్ల సంది ఏస్తున్న. నీ గింజ కోసం తువ్వాల మానాల్నా? గింజనే జరుపు."

మాట సబబే. పొరపాటు నాది, ఆయనది కాదు. సెన్సర్‌ను సీటు వెనక, తలెత్తున, ఎండ తగలని చోట బిగించాను.

పెళ్లినాడు ధర్మపురి దాకా లోపలి వేడి ఇరవై నాలుగు దాటలేదు. నన్నూ పెళ్లికి రమ్మన్నారు, ముందు చోటు లేక నేను వెనక తొట్టిలో ఎండలో పోయాను. పందిరి దగ్గర పెద్దాయన దిగితేనా! మగపెళ్లివారి పెద్దలను ఇద్దరిద్దరిగా ఎక్కించుకుని అంకెలు మార్చి చూపిస్తున్నాడు. ముహూర్తానికి పిలవబోతే, "జర ఆగుండ్రి, ఇర్వై రెండుకొస్తుంది" అన్నాడు. చివరికి పెళ్లికూతురే పీటల మీంచి కేకేసింది: "తాతా, దిగుతవా, మమ్మల్నే బండ్లకు రమ్మంటవా?" నవ్వుకుంటూ దిగాడు, మొదటి అక్షింతలు ఆయనే వేశాడు.

ఆ తర్వాత ఏ బండిలో ఏది బిగించడానికి రంధ్రం వేయాలన్నా, ముందు యజమానిని గంటసేపు సీట్లో కూర్చోబెట్టి అతని చేతులు ఎటెటు పోతాయో చూసేవాణ్ని. కొలత టేపు పట్టడం ఆ తర్వాతే.