క్యారేజీల చెట్టు

ఆ చెట్టు నేను చేసింది కాదు.

గీదం నుంచి బచేలి వెళ్లే రోడ్డు పక్కన, మా పాత వర్క్‌షాప్ గేటు లోపల, గచ్చు నడిమధ్య నిలబెట్టిన ఇనుప చెట్టు గురించి చెబుతున్నాను. దాని మొదట్లో ఇత్తడి రేకు మీద హిందీలోనూ ఇంగ్లీషులోనూ నా పేరు చెక్కి ఉండేది. శని, ఆదివారాల్లో జగదల్‌పూర్ నుంచీ రాయ్‌పూర్ నుంచీ వచ్చినవాళ్లు దాని ముందు ఫోటోలు దిగుతారు. కొందరు నన్ను కూడా పక్కన నిలబెట్టుకున్నారు. ఆ ఫోటోలన్నిటిలో నేను ఎటో చూస్తూ ఉంటాను. వినయం అనుకున్నారు పాపం.

నిజానికి అది చెట్టు కూడా కాదు. క్యారేజీలు తగిలించుకునే స్టాండు.

మా నాన్న రైల్వే పని మీద శ్రీకాకుళం వైపు నుంచి కిరండూల్ లైనుకి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఇనుప రాయి మోసే డంపర్లను బాగుచేసే ఈ వర్క్‌షాప్‌లో వెల్డర్‌గా చేరాను. ఒక ప్రైవేటు కాంట్రాక్టరుది. మూడు పెద్ద షెడ్లు, ఒక స్టోరు, ఒక కొలిమి, పొద్దుట హూటర్ మోగింది మొదలు ఒకటే మోత. అన్నిటికీ అలవాటు పడ్డాం కానీ చీమలకి పడలేకపోయాం. ఈ ప్రాంతంలో ఎర్రచీమలతో పచ్చడి నూరుకుంటారు, రుచిగానే ఉంటుంది. మా పచ్చడిలోకి మాత్రం అవి ఎవరూ పిలవకుండానే వచ్చేవి. క్యారేజీ గోడ మీద పెట్టినా, బల్ల మీద పెట్టినా, మధ్యాహ్నం మూత తీసేసరికి మా కంటే ముందు అవే భోజనానికి కూర్చుని ఉండేవి.

నా దగ్గర హెల్పర్‌గా ఒకామె ఉండేది. నా కంటే ఏడెనిమిదేళ్లు చిన్నది. కొంటా దగ్గర ఊరు. ఇంట్లో దోర్లీ, సంతలో హిందీ, మాతో తెలుగు. మేనేజరుతో సహా అందరినీ నువ్వు అనే పిలిచేది. వాళ్ల మాటలో అది మర్యాద తక్కువేమీ కాదు. మేనేజరుకి ఆ సంగతి తెలియడానికి నెల రోజులు పట్టింది. రాడ్లు అందించడం, సిలిండర్లు దొర్లించడం, నేను అతికిన చోట సుత్తితో కొట్టి చిట్టెం రాల్చడం ఆమె పని. వెల్డింగ్ రాడ్డు బిగించే హోల్డర్ ముట్టుకోవడం హెల్పర్ పని కాదు. కానీ భోజనాల వేళ నేను కునుకు తీసేటప్పుడు ఆమె ముట్టుకునేది. ఒకరోజు కళ్లు తెరిచేసరికి ఎడమచేత్తో హోల్డర్ పట్టుకుని రెండు బోల్టులు అతుకుతోంది. తిడదామని దగ్గరికి వెళ్లి అతుకు చూశాను. తిట్టలేదు. మర్నాటి నుంచి నా మాస్కు ఆమెకిచ్చి మరీ పడుకున్నాను.

ఆ వానాకాలమంతా మధ్యాహ్నాలు ఆమె ఆ స్టాండు కట్టింది. మొదలుకి నాలుగు కాళ్ల మీద పాత సైలెన్సర్ గొట్టం, కొమ్మలకి విరిగిన కమాను పట్టీలు, కొసలకి వంచిన కడ్డీలతో కొక్కేలు. మొత్తం నలభై. ఒక్కో కొక్కెం ఒక్కో మనిషికి. పొట్టివాడైన క్రేను డ్రైవరుకి కిందకొమ్మ. భుజం నొప్పి ఉన్న ఫిట్టరు చెయ్యి ఎత్తనక్కర లేకుండా నడుమెత్తున ఒకటి. నాది నాలుగు గిన్నెల క్యారేజీ, పిడి లావు, అందుకని నా కొక్కేనికి నోరు పెద్దది. "నీ నోటికి తగ్గట్టే పెట్టిన," అంది. నాలుగు కాళ్ల కిందా నాలుగు పాత బేరింగ్ కప్పులు పెట్టి నీళ్లు పోసింది. చీమలు ఆ నీళ్ల దాకా వచ్చి, కాసేపు ఆలోచించి, వెనక్కి పోయేవి.

ఒకరోజు ఫోర్‌మన్ వచ్చి దాని చుట్టూ తిరిగాడు. ఇక్కడ జరిగిన వరుస ముఖ్యం, అందుకే జాగ్రత్తగా రాస్తున్నాను. ముందు ఆయన, బాగుంది, చాలా బాగుంది, అన్నాడు. ఆ తర్వాతే, ఎవరు చేశారు, అని అడిగాడు. ఆమె నా పక్కనే నిలబడి ఉంది. నా మొహంలోకి చూసింది.

నేనే సార్, అన్నాను.

ఇంటికి వెళ్లి నా భార్యకి ఈ వరుస తిరగేసి చెప్పాను. ఫోర్‌మన్ కోపంగా వచ్చాడనీ, హెల్పర్ హోల్డర్ పట్టుకుందని తెలిస్తే ఆమె పని పోయేదనీ, అందుకే తప్పు నా మీద వేసుకున్నాననీ చెప్పాను. నా భార్య ఆ రాత్రి అన్నంలో ఒక గరిటె నెయ్యి ఎక్కువ వేసింది. ఆ తర్వాత చాలా ఏళ్లు నేను కూడా అదే నిజమని నమ్మాను. నెయ్యికి అంత బలం ఉంటుంది.

కొన్నేళ్లకి వర్క్‌షాప్ మూతపడింది. ఆమె కొంటా వైపు వెళ్లిపోయి, సొంతంగా వెల్డింగ్ సెట్టు పెట్టుకుని నాగళ్లూ సైకిళ్లూ బోరింగు పిడులూ అతుకుతోందని విన్నాను. నేను ఊళ్లో కిటికీ గ్రిల్లులు చేసుకుంటూ ఉండిపోయాను. షెడ్లలో గడ్డి మొలిచింది. మేకలు క్రేను కింద కాపురం పెట్టాయి.

తర్వాత ఒక ఆర్కిటెక్ట్ అమ్మాయి వచ్చింది. జిల్లావాళ్లు పంపారు. పాత షెడ్లు పడగొట్టకుండా వాటిలోనే నాటకాలకి వేదిక, చేతిపనులవాళ్లకి గదులు, దుకాణాలు, స్టోరు మేడ మీద బయటి నుంచి వచ్చే చిత్రకారులకి బస, కొలిమి ఉన్న చోట కాఫీ హోటలు పెడతారట. దానికి చక్కటి హిందీ పేరొకటి పెట్టారు. మేం ఇప్పటికీ వర్క్‌షాప్ అనే అంటాం.

ఆ అమ్మాయి మంచిది, కష్టజీవి. కానీ ఆమె పద్ధతులు అర్థం చేసుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది. మేం ఉన్నన్నాళ్లూ తుప్పు వదిలించడానికి జీతం తీసుకున్నాం. ఆమె తుప్పు వదలకుండా దాని మీద వార్నిష్ పూయించింది. గచ్చు మీద నూనె మరకలు ఎవరైనా కడుగుతారేమోనని కాపలా పెట్టించింది. డంపర్ల కింద దూరి పనిచేసే గొయ్యికి మెట్లు కట్టించి జనం కూర్చునే చోటుగా మార్చింది. నేను సగం వయసు ఆ గోతిలో వెల్లకిలా పడుకునే గడిపాను. ఇప్పుడక్కడ కూర్చుని కవిత్వం వింటారు. నూనె మాత్రం కారదు.

పాత పనివాణ్నని నన్ను వెంటబెట్టుకుని తిరుగుతుంటే, స్టోరు వెనక తీగలు పాకిపోయిన స్టాండు ఆమె కంట పడింది. చాలాసేపు అలాగే చూసింది. కొమ్మలన్నీ ఒక ఎత్తున లేకపోవడంలో ఏదో లోతు ఉందని హిందీలో చెప్పింది. భుజం నొప్పి ఫిట్టరు గుర్తొచ్చాడు నాకు. కాళ్ల కింది కప్పులు నీళ్లకీ ఇనుముకీ ఉన్న సంబంధమట. చీమల సంగతి చెబుదామని నోటి దాకా వచ్చింది. ఈలోగా ఆమె, ఇది మీరే చేశారని వాచ్‌మన్ అన్నాడు, నిజమేనా, అని అడిగింది.

టీ తాగుతారా, అని అడిగాను.

అవుననలేదు. ఆ మాట మీద చాలా రోజులు బతికాను. నేను అవుననలేదు కదా, అని. కానీ టీ తాగడం పూర్తయ్యేసరికి చెట్టు నాదైపోయింది. తర్వాత శాలువా వచ్చింది, ఇత్తడి రేకు వచ్చింది. పాత టూల్ రూము, నీలం తలుపు ఉన్న గది, నాకిచ్చి బడిపిల్లలకి ఇనుప పని నేర్పమన్నారు. పిల్లలు ఉస్తాద్‌జీ అనేవారు. చెట్టును గచ్చు మధ్యకి జరిపేటప్పుడు ఒక కొక్కెం ఊడితే, దాన్ని మళ్లీ నేనే అతికాను. అదొక్కటే ఆ చెట్టులో నా పని.

మిగతా గదులకి దరఖాస్తులు పిలిచినప్పుడు నా పాత హెల్పర్ వచ్చింది. ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పెట్టుకుని, బస్సు దిగి నేరుగా లోపలికి వచ్చింది. జుట్టు నెరిసింది. చెట్టు ముందు ఆగి, రేకు మీది హిందీ అక్షరాలు వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. అరుస్తుందనుకున్నాను. కొమ్మ కొమ్మా తడుముతూ చుట్టూ తిరిగి, నేను అతికిన కొక్కెం దగ్గర ఆగి నవ్వింది.

"ఏంది మిస్త్రీ, ఇదొక్కటే ఎదురు తిరిగింది?"

వెల్డింగ్ చేసినవాళ్లకి తెలుస్తుంది. అతుకు మీద చేప పొలుసుల్లా గీతలు పడతాయి. చెయ్యి ఎటు లాగితే పొలుసులు అటే వరుస కడతాయి. కుడిచేతివాణ్ని నేను ఎడమ నుంచి కుడికి లాగుతాను. ఆమె ఎడమచేత్తో కుడి నుంచి ఎడమకి లాగుతుంది. ముప్పై తొమ్మిది కొక్కేలు ఆమె వైపు, ఒక్కటి నా వైపు. ఇత్తడి రేకు మీద ఏం రాసినా, ఇనుము మీద రాసింది అలాగే ఉండిపోయింది. అంతమంది ఫోటోలు దిగారు కానీ ఒక్కరూ వెల్డరు కారు, నా అదృష్టం.

"చెల్లీ..." అన్నాను.

"చెల్లి అనుకుంటనే చెట్టు గుంజుకున్నవ్," అంది. నవ్వుతూనే ఉంది. తర్వాత కవర్లోంచి ఫారం తీసి చూపించింది. గది అడగాలంటే ఇదివరకు చేసిన పని ఏదైనా చూపించాలని అందులో ఉంది. ఆమె అతికిన నాగళ్లూ సైకిళ్లూ ఎవరి ఊళ్లకి వాళ్లు పట్టుకుపోయారు. ఫలానాది నేను చేశానని చూపించడానికి మిగిలింది ఈ ఒక్కటే. ఆ గడిలో ఏం రాయాలి మిస్త్రీ, అని అడిగింది. ఇక్కడి బస్తీలో ఆడపిల్లలకి వెల్డింగ్ నేర్పాలనుందట. ఊళ్లో ఆమె పాకలో కరెంటు నిలకడగా ఉండదు, ఇక్కడ గది దొరక్కపోతే ఆ మాట ఇక మర్చిపోవాల్సిందే.

నేను మాట్లాడతాను, అన్నాను. వారం రోజులు మాట్లాడలేదు. ఒకరోజు ఆర్కిటెక్ట్ అమ్మాయి లేదు, ఒకరోజు ఉంది కానీ ఫోనులో ఉంది, ఒకరోజు ఉంది, ఫోనులో లేదు, అప్పుడు నాకే తలనొప్పి వచ్చింది. చివరికి నా భార్యకి ఫోర్‌మన్ సంగతి సరైన వరుసలో చెప్పాను.

"అయితే ఆ నెయ్యి ఏటి సెయ్యమంటావు ఇప్పుడు?" అంది. అంతే. మర్నాడు నా క్యారేజీ కట్టలేదు. మాట్లాడొచ్చాక తిందువు గాని, అంది.

ఆకలితో మాటలు తొందరగా వచ్చాయి. ఆర్కిటెక్ట్ అమ్మాయిని చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, సుద్దముక్కతో పొలుసులకి బాణం గుర్తులు పెట్టి చూపించాను. ముప్పై తొమ్మిది బాణాలు ఒక వైపు, ఒకటి ఒక వైపు. చీమల సంగతి, ఫిట్టరు భుజం సంగతి కూడా చెప్పేశాను. ఆమె మొహం ఎర్రబడింది. నా పేరుతో కరపత్రాలన్నీ అచ్చయిపోయాయి. కాసేపు ఆలోచించి, మెత్తగా, ఇద్దరూ కలిసి చేశారని రాద్దామా, అని అడిగింది. ఆ మాట ఎంత హాయిగా ఉందో దాచను. హోల్డర్ నాదే కదా, మాస్కు నాదే కదా, అనుకున్నాను. చేతిలో టీ గ్లాసు ఉంది. ఒక గుక్క తాగేంతసేపు నేను ఆ మాటకి ఒప్పుకునే ఉన్నాను.

"లేదమ్మా," అన్నాను ఆ తర్వాత. "ఆమె చేస్తుంటే నేను పడుకున్నాను."

గదులు ఇచ్చే కమిటీ ఆ గోతి మెట్ల మీదే కూర్చుంది. నేను లేచి హిందీలో అంతా చెప్పాను. ఈమె చేసింది, నేను చేశానన్నాను, నీలం తలుపు గది ఈమెకి రావలసింది, అన్నాను. తాళంచెవి వాళ్ల ముందున్న బల్ల మీద పెట్టాను. నమ్మకం కుదరక ఒకాయన ఆమెను పని చేసి చూపించమన్నాడు. ఆమె గ్రైండర్ అడిగి, నేను అతికిన కొక్కేన్ని ముందు కోసేసింది. తర్వాత హోల్డర్ ఎడమచేతిలోకి తీసుకుని, కుడి నుంచి ఎడమకి, ఒక్క లాగులో మళ్లీ అతికింది. చిట్టెం రాల్చమని సుత్తి నా చేతికిచ్చింది. రాల్చాను. ఇప్పుడు నలభై పొలుసుల వరుసలూ ఒకే వైపు చూస్తున్నాయి. కమిటీవాళ్లు తాళంచెవి ఆమె ముందుకి జరిపారు.

అందరూ వెళ్లాక నేను కొంచెం గర్వంగానే నిలబడ్డాను. ఇంత చెప్పాను కదా, అని. ఆమె మాస్కు పైకెత్తి నన్ను చూసింది.

"వాళ్లకి చెప్పినవ్ మిస్త్రీ, మంచిగనే చెప్పినవ్. ఫోర్‌మన్ అడిగిన నాడు నీ పక్కన నిలబడ్డది నేను. నాకేం చెప్పలే."

నిజమే. అంతసేపూ ఈమె, ఈమె, అంటూ ఆమె వైపు చూడకుండానే మాట్లాడాను. ఫోటోల్లో ఎటో చూసినట్టే.

ఈసారి ఆమె వైపే చూశాను.

"ఆయన ముందు బాగుందన్నాడు," అన్నాను. "తర్వాత అడిగాడు. నీ పనికి ఏ భయమూ లేదు. ఆ బాగుంది అన్న మాట నాకు కావాలనిపించింది, తీసేసుకున్నాను. నీ కోసమని ఇన్నాళ్లూ మా ఆవిడకీ, నాకు నేనూ చెప్పుకున్నాను. నీ కోసం కాదు. తప్పు చేశాను, చెల్లీ. నన్ను క్షమించు."