ఊరు కదలకుండానే దూరమైతే

మా అత్తకు నేను ఉద్యోగానికి పోవడం మీద అభ్యంతరం లేదు. ఓళిగల పిండి, అదే బొబ్బట్ల పిండి, డబ్బాలో పెట్టుకొని పోవడం మీదే అభ్యంతరం.

"ఫిజిక్సు మేడమ్ కావల్లని పోతాండావా, వంటపని అడగను పోతాండావా?" అంది, ప్రొద్దుటూరులో మా ఇంటి వాకిట్లో నిలబడి. "ఆ డబ్బా చూస్తే గేటుకాడ్నుంచే నిన్ను హాస్టలు వంటింట్లోకి తోలుతారు చూడు."

ఇంకో రోజయితే నవ్వేదాన్ని. పెళ్లికి ముందు నుంచీ జమ్మలమడుగులో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. పాప పుట్టాక మానేశాను. పాప హైస్కూలుకు వచ్చింది గానీ నేను మళ్లీ క్లాసు గడప తొక్కలేదు. తొక్కనివ్వలేదంటే సరిగ్గా ఉంటుంది. ప్రొద్దుటూరులో రెండు కాలేజీలు నా గ్యాపు చూసి మొండిచెయ్యి చూపించాయి. ఇప్పుడు పులివెందులలో ఒక కాలేజీ డెమోకు పిలిచింది. పిల్లల ముందు ఒక పాఠం చెప్పాలి, ప్రిన్సిపాల్ చివరి బెంచీలో కూర్చుని వింటాడు, నచ్చితే ఉద్యోగం. ఇది కూడా తప్పిపోతే ఇంక ఎవరినీ అడగకూడదని నాకు నేనే చెప్పుకున్నాను.

వాళ్లిచ్చిన పాఠం విశ్వ వ్యాకోచం. దూరపు గెలాక్సీలన్నీ మన నుంచి ఇంకా దూరమవుతున్నాయంటే చాలామంది అవేవో పరుగెత్తిపోతున్నాయనుకుంటారు. అవి పరుగెత్తడం కాదు, వాటి మధ్యనున్న చోటే పెరుగుతోంది. ఇది చూపించడానికి నూనెలో నానిన ఓళిగ పిండిని మించింది లేదనిపించింది. పిండి మీద ఆవాలు అద్ది చేత్తో తట్టితే, ఆవాలు అంటుకున్న చోటే ఉంటాయి, పిండి సాగుతుంది. ఎంత తెలివైనదాన్నో అని బస్సులో ముద్దనూరు దాటేవరకూ మురిసిపోయాను.

ప్రిన్సిపాల్ గదిలో ఆ మురిపెం కాస్తా ఆవిరైంది. ఆయన నా కాగితాలు తిరగేసి, "సబ్జెక్టు శానా ముందుకు పోయింది మేడమ్. మీరేమో ఆడే నిలబడిపోయినారు" అన్నాడు. తిట్టలేదు, వెటకారం చేయలేదు, ఉన్నమాటే అన్నాడు. అందుకే ఒళ్లు మండింది. తిట్టుంటే తిరిగి ఒక మాట అనేదాన్ని.

క్లాసులో బల్ల మీద ప్లాస్టిక్ కవరు పరిచాను. ముద్ద పెట్టి, ఆవాలు అద్ది, తట్టడం మొదలుపెట్టాను. ఇన్నేళ్లుగా పండగపండగకూ ఓళిగలు తట్టిన చెయ్యి ఊరుకుంటుందా? మధ్యలో నొక్కి, చుట్టూ తిప్పుకుంటూ అంచులకు నెట్టి, గుండ్రంగా, అందంగా తట్టేసింది. ఆవాలన్నీ మధ్య నుంచి అంచులకు బయలుదేరాయి.

ముందు బెంచీలోని అమ్మాయి లేచింది. లింగాల పక్క పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటానని క్లాసు మొదట్లోనే చెప్పిన పిల్ల. "మేడమ్, మీరు వేలు పెట్టిన చోటే విశ్వానికి సెంటరా? ఆడ్నుంచే అన్నీ తోసుకొని పోతాండాయి గదా?"

సెంటరు లేదని చెప్పడానికి తెచ్చిన పిండితో సెంటరు చేసి చూపించాను. అంచు కూడా చేశాను, అదీ చక్కటి అంచు. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ ఏదో రాసుకుంటున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పిండిని తిట్టుకొని లాభం లేదు. "తప్పు పిండిది కాదు, నా చేతి అలవాటుది. ఇది మరిచిపోండి" అని కవరు చుట్టి పక్కన పెట్టేశాను.

"పొద్దున నేను ప్రొద్దుటూరు నుంచి బస్సులో వచ్చాను. బస్సు కదిలింది, రోడ్డు కదల్లేదు. అది మామూలు చలనం. ఇప్పుడు బస్సును ఆపేద్దాం. రోడ్డే పెరుగుతోందనుకోండి. ఒక్కచోట కాదు, ప్రతి రెండు కిలోమీటరు రాళ్ల మధ్యా. సాయంత్రానికి ప్రతి కిలోమీటరూ రెండయింది. ప్రొద్దుటూరులో నిలబడి చూస్తే దగ్గరున్న ఎర్రగుంట్ల కొంచెమే జరిగింది, పులివెందుల శానా దూరం పోయింది. పులివెందుల లేచి నడిచిందా?"

"లేదు మేడమ్!"

"ఈడ నిలబడి చూస్తే?"

"ప్రొద్దుటూరే దూరం పోయింటాది," అన్నాడొకడు. "జమ్మలమడుగోళ్లకు మనమూ, ప్రొద్దుటూరోళ్లూ ఇద్దరమూ దూరం పోయింటాం," అంది ఇంకో పిల్ల. మరి సెంటరు ఎక్కడని అడిగితే ముందు బెంచీ పిల్ల, "యాడా లేదు," అంది. నా ప్రాణం లేచొచ్చింది.

"మా ఇల్లు గూడా పెరుగుతాదా మేడమ్? ఒకటే రూము మాది," అన్నాడు కిటికీ పక్కనున్నవాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పెరగదని చెప్పాను. గోడను ఇటుకలు పట్టుకున్నట్టు, మన గెలాక్సీని గురుత్వాకర్షణ పట్టుకొని ఉంటుంది, సాగేది దూరదూరపు గెలాక్సీల మధ్యనున్న ఖాళీ చోటే. కాంతి వేగాన్ని ఏదీ దాటకూడదన్న హద్దుంది, కానీ ఆ హద్దు రోడ్డు మీద పోయే బస్సుకే, రోడ్డు పెరగడానికి కాదు. అందుకే శానా దూరపు గెలాక్సీలు కాంతి కంటే వేగంగా దూరమైనా నియమం తప్పినట్టు కాదు. ఎప్పుడు గంట కొట్టారో నాకు తెలియలేదు. జమ్మలమడుగులో కూడా నాకు ఇట్లాగే తెలిసేది కాదు.

బయట ప్రిన్సిపాల్ "చెప్తాం మేడమ్, పోయిరాండి" అన్నాడు. ఆ మాట నాకు కొత్త కాదు. రెండు కాలేజీల్లోనూ అదే మాటన్నారు, ఆ తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేదు. గేటు దాకా తల దించుకొని నడిచాను. పాఠం బాగా వచ్చినందుకు ఇంకా ఎక్కువ బాధేసింది.

వెనక చెప్పుల చప్పుడు. ముందు బెంచీ పిల్ల రొప్పుతూ వచ్చింది.

"మేడమ్, ఒక డౌటు. బస్సు పోతాండంగానే రోడ్డు పెరుగుతాంటే, ఆ బస్సు ఎప్పుడన్నా ఊరు చేరుతాదా?"

ఎదురుగా ప్రొద్దుటూరు పోయే బస్సు వచ్చి ఆగింది. నేను బస్సును చూడలేదు. "బాగా దూరం నుంచి బయలుదేరినవి కొన్ని ఎప్పటికీ చేరవు," అన్నాను. "కానీ శానా చేరతాయి. గెలాక్సీల వెలుగు కూడా ఇట్లాంటి బస్సే, చేరుతుంది కాబట్టే టెలిస్కోపులో అంత దూరపు గెలాక్సీలను చూడగలుగుతున్నాం. ముందున్న రోడ్డే కాదు, దాటొచ్చిన రోడ్డు కూడా వెనక పెరుగుతూనే ఉంటుంది చూడూ..." గేటు మీది దుమ్ములో వేలితో గీత గీసి చూపించబోయాను. బస్సు హారన్ కొట్టింది.

"మేడమ్!" వరండాలోంచి ప్రిన్సిపాల్ కేక. "బస్సు పోతాది, ఎక్కండి. ఆ డౌటు సోమవారం క్లాసులో చెప్దురు గానీ."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. పిల్లకు నాకంటే ముందే అర్థమై నవ్వుతోంది. బస్సు మెట్టెక్కి పిల్ల వైపు తిరిగాను. "సోమవారం," అన్నాను.